మాస్టారు ఆబ్సెంట్ అయిన ఆదివారం

"నూనె రాసిన పిల్ల జాహోస్ చేతుల్లోంచి జారిపోతే?"

ఈ మాట మొదట మా ఆయన అనెస్తిస్‌తో అన్నాను. నవ్వాడు. మా అత్తయ్యతో అన్నాను. ఆవిడ దిష్టి తగలకుండా మూడుసార్లు థూ థూ అని, "నోరు మూసుకో" అంది. నేను చదివింది రసాయన శాస్త్రం. జిల్లా పట్నంలో తాగునీళ్ళు పరీక్షించే ల్యాబులో పని. నున్నటి చర్మం, దానిమీద ఆలివ్ నూనె, జ్ఞానస్నానంలో దాన్ని పట్టుకోవాల్సినవి ఎనభైకి దగ్గరపడ్డ జాహోస్ వేళ్ళు. కాఫీ కప్పు ఎత్తితేనే సాసరు గలగలలాడుతుంది ఆయనకి. మా పాపకి పది నెలలు, కాళ్ళు ఒక్క క్షణం ఊరుకోవు. చర్చిలో రాగి తొట్టి, దాని చుట్టూ రాతి నేల. ఇవన్నీ కలిపి ఆలోచిస్తే నాకు అన్నం సహించలేదు.

జ్ఞానస్నానానికి ముందు రోజు మధ్యాహ్నం ఆర్గిరిస్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆ వేళప్పుడు ఆయన పచ్చకుర్చీల కాఫీ కొట్లో ఉంటారు. మా కొండ ఊరు లిథారిలో కాఫీ కొట్లు రెండు. మా నాన్నదానిలో కుర్చీలు నీలం, రెండోదానిలో పచ్చ. ఎవరు ఏ పార్టీయో అడగక్కర్లేదు, ఎక్కడ కూర్చున్నారో చూస్తే చాలు. మాస్టారు ఒక్కరే పొద్దున నీలం కుర్చీలో, మధ్యాహ్నం పచ్చకుర్చీలో కూర్చుంటారు.

"ఎవాంథియా, జ్ఞానస్నానంలో పిల్లలు జారరు. అరుస్తారు," అన్నారు మాస్టారు. "అరిచే పిల్లని ఎవడూ వదలడు. భయంతో ఇంకా గట్టిగా పట్టుకుంటాడు."

"ఇది శాస్త్రీయమైన జవాబు కాదు మాస్టారూ."

"సరే. చేతులమీద ముందే నూలు తువ్వాలు పరుచుకోమను. నూలు నూనె పీల్చుకుంటుంది. ఇది శాస్త్రీయమేనా?"

పక్క బల్ల దగ్గర పేక ముక్కలు సర్దుకుంటున్న జాహోస్ తల తిప్పకుండానే అన్నాడు: "నేనిక్కడే ఉన్నానమ్మాయ్. వణికేవి చేతులే, చెవులు కాదు."

ఆదివారం ఏమీ జారలేదు. పాప గొంతు చించుకుని అరిచింది, జాహోస్ తువ్వాలుతో సహా గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. మా అత్తయ్య పేరే పెట్టాం, ఆవిడ ఆనందంతో ఏడ్చింది. విందులో మా ల్యాబు వాళ్ళు నన్ను ఒకటే అడిగారు. "మీ మాస్టారు మాజీ ఎంపీ, మాజీ మేయరు, నీకు స్వయానా జ్ఞానతండ్రి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, చీజ్ అమ్మే ముసలాయన చేతికి పిల్లని ఇచ్చారేమిటి?"

అప్పుడు గొర్రెమాంసం చల్లారిపోతోందని చెప్పి తప్పించుకున్నాను. అసలు జవాబు చెప్పాలంటే మాస్టారి కథ మొత్తం చెప్పాలి.

ఆయన మా కొండవారు కాదు. సముద్రం ఒడ్డున పుట్టి, ఉద్యోగం రాగానే మా ఊరి బడికి వచ్చి పడ్డారు. ఆరు తరగతులకి ఒక్క గది, ఒక్క మాస్టారు, ఒక్క ఇనప పొయ్యి. చలికాలంలో ప్రతి పిల్లా పుస్తకాలతో పాటు చంకలో ఒక కట్టె పెట్టుకుని రావాలి. కట్టె తేనివాళ్ళు ఆ రోజు పొయ్యికి దూరంగా, తలుపు పక్కన కూర్చోవాలి. ఈ నియమం ఊళ్ళో ఎప్పటినుంచో ఉంది. కొత్త మాస్టారు దాన్ని తనకి కూడా పెట్టుకున్నారు. ఒకరోజు మర్చిపోయి వట్టి చేతులతో వచ్చి, కోటు గుండీలన్నీ పెట్టుకుని, తలుపు దగ్గర నిలబడి సాయంత్రం దాకా పాఠం చెప్పారట. మర్నాడు పిల్లలు రెండేసి కట్టెలు తెచ్చారు, ఒకటి తమకి, ఒకటి ఆయనకి. ఆయన వాళ్ళ కట్టెలు వాళ్ళకే ఇచ్చి పంపేశారు.

పొద్దున్నే హాజరు పిలిచేవారు. పేరు పిలవగానే లేచి నిలబడి, "ఉన్నాను మాస్టారూ" అనాలి. రానివాడి పేరు దగ్గర ఆగి ఒక నిమిషం ఆలోచించేవారు. బడి అయ్యాక ఆ ఇంటికి వెళ్ళేవారు. మేకలు తప్పిపోయాయా, జ్వరమా, నాన్న కొట్టాడా, ఏదో ఒకటి తెలుసుకునేదాకా ఆయనకి నిద్ర పట్టేది కాదని ఆయన భార్య, పాపం, బతికున్నన్నాళ్ళూ విసుక్కునేది.

రాజకీయాల్లోకి ఆయన్ని లాగింది మంచు. మా కనుమ దారి చలికాలంలో వారాల తరబడి మూసుకుపోయేది. డాక్టరు రాడు, బస్సు రాదు. మంచు తోసే బండి ఒకటి ఇప్పించండని జిల్లా ఆఫీసుకి ఆయన తిరగని తిరుగుడు లేదు. చివరికి ఒక ఆఫీసరు విసిగిపోయి, "మాస్టారూ, ఇవి ఎంపీలు చేసే పనులు. బడిపంతుళ్ళవి కావు," అన్నాడట.

ఆ సాయంత్రం పచ్చకుర్చీలో కూర్చుని మాస్టారు నవ్వులాటకి అన్నారు: "అయితే ఎంపీ అవ్వాలంటే ఏ పరీక్ష రాయాలోయ్?"

నవ్వనివాడు జాహోస్ ఒక్కడే. అప్పట్లో అతనికి యాభై మేకలు, చీజ్ కొట్టు, పచ్చపార్టీలో పెద్ద గొంతు ఉండేవి. "పరీక్ష జనం పెడతారు. పేపరు నేను చెబుతా," అన్నాడు.

మాస్టారికి ఉపన్యాసం రాదు. ఊరూరా సభల్లో నిలబడి మొదట, "వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా?" అని అడిగేవారు. వెనకనుంచి మీసాలవాళ్ళు, "వినపడుతోంది మాస్టారూ!" అని అరిచేవారు. తర్వాత ప్రశ్నలు వేసేవారు. ఈ ఊరికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? ఎన్ని ఇళ్ళకి వస్తున్నాయి? రాని ఇళ్ళు ఎందుకు? జనమే జవాబులు చెప్పుకుని, వాళ్ళలో వాళ్ళు కాసేపు పోట్లాడుకుని, సభ బాగా జరిగిందని ఇళ్ళకి వెళ్ళేవారు.

జాహోస్‌కి ఇది చాలలేదు. "ఓటు అడిగితే ఆలోచిస్తాం అంటారు. వాళ్ళ పిల్లని తొట్టిలోంచి ఎత్తుకున్నావనుకో, ఇక ఆలోచన ఉండదు. ఆ ఇంటికి కుంబారోవి అయిపోతావు," అన్నాడు.

కుంబారో అంటే మా వైపు అన్నదమ్ముడికన్నా ఒక మెట్టు పైన. పిల్లకి జ్ఞానతండ్రిగా నిలబడిన మనిషి ఆ ఇంటికి కుంబారో. పెళ్ళిలో దండలు మార్చేదీ అతనే, మొదటి బిడ్డకి నూనె రాసేదీ అతనే. కుంబారోకి ఓటెయ్యనివాడిని మా కొండమీద ఎవరూ చూడలేదు.

"కానీ ఒక్క జాగ్రత్త," అన్నాడట జాహోస్. "ఒకే చేత్తో నూనె రాయించుకున్న పిల్లలు తోబుట్టువుల కింద లెక్క. వాళ్ళలో వాళ్ళకి పెళ్ళిళ్ళు కుదరవు. అందుకని ఈ కొండమీద నువ్వు మగపిల్లల మనిషివి. ఆడపిల్ల అంటే దండం పెట్టి తప్పుకో. కలిపావంటే ఇరవయ్యేళ్ళ తర్వాత ఊళ్ళో పెళ్ళిళ్ళు ఆగుతాయి, నీ పేరు చెప్పి తిట్టుకుంటారు."

"ఇరవయ్యేళ్ళ తర్వాత నేను ఎక్కడో, వాళ్ళెక్కడో," అన్నారట మాస్టారు.

గెలిచారు. ఏథెన్సు వెళ్ళారు. మొదటిసారి సభలో మాట్లాడాలనుకున్నప్పుడు అలవాటు కొద్దీ బడిలో పిల్లాడిలాగా చెయ్యెత్తి కూర్చున్నారట. టీవీలో అది చూసి మా నాన్న కొట్లో, నీలం కుర్చీల్లో, కాఫీలు ఒలికేంత నవ్వు. "మాస్టారికి ఒంటికి వస్తోందేమో, పంపించండర్రా!" అని. మర్నాడు పొద్దున బస్సు దిగి మాస్టారు నేరుగా ఆ కొట్టుకే వచ్చి కూర్చుని, "నిన్న నవ్వినవాళ్ళు ఎవరో చేతులెత్తండి," అన్నారు. అందరూ ఎత్తారు. కాఫీ మా నాన్న తనే పోశాడు.

ఇక ఆ ఆదివారం. నేను పుట్టడానికి మూడేళ్ళ ముందు, వేసవిలో. ఊళ్ళో ఏడు ఇళ్ళలో మగపిల్లలున్నారు. అందరికీ ఎంపీయే జ్ఞానతండ్రి కావాలి, ఆయనకేమో తీరిక లేదు. అందుకని ఏడుగురికీ ఒకేరోజు పెట్టారు, చర్చి ముందు ఒకటే విందు. తెల్లవారేసరికి గొర్రెపిల్లలు సీకులమీద తిరుగుతున్నాయి. అప్పుడు కాఫీ కొట్టు ఫోను మోగింది. ఏథెన్సునుంచి మాస్టారు. సభలో ఏదో ఓటింగు రాత్రంతా సాగింది, ఇంకా తెమల్లేదు.

"వచ్చే ఆదివారానికి మార్చండి," అన్నారు.

"మార్చడమా? మాంసం సగం కాలింది, క్లారినెట్ వాళ్ళు అప్పుడే తాగడం మొదలుపెట్టారు, ఏడుగురు తల్లులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నువ్వొచ్చి వాళ్ళకి చెప్పు, నేను చెప్పను," అన్నాడు జాహోస్.

ఫోనులో మాస్టారు, "అయితే నా బదులు నువ్వు నిలబడు," అన్నారు.

జాహోస్ నిలబడ్డాడు. ఒకడి తర్వాత ఒకడిగా ఏడుగురికీ నూనె రాసి, విశ్వాస ప్రమాణం ఏడుసార్లు చెప్పి, మోచేతుల దాకా నూనెతో బయటికొచ్చాడు. సాయంత్రానికి ఎంపీ గారు దిగారు. ఏడుగుర్నీ వరసగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటోలు తీయించుకున్నారు. ఆ ఫొటోలు ఏడు ఇళ్ళలో గోడలెక్కాయి. ఆనాటినుంచి ఆ ఏడుగురూ ఎంపీ జ్ఞానపుత్రులు. చర్చిలో ఉన్నదెవరో ఊరంతటికీ తెలుసు. ఎవరూ అనలేదు, అంతే. ఆ ఏడుగురిలో ఒకడు మా అత్తయ్య స్తమాతా కొడుకు అనెస్తిస్.

నేను పుట్టింది ఫిబ్రవరిలో. కనుమ మూసుకుపోయింది. మాస్టారు సెలవుకి వచ్చి మంచులో ఇరుక్కుపోయారు. మధ్యాహ్నం మా అమ్మకి నొప్పులొచ్చాయి, నెల ముందే. పుట్టిన నేను ఏడవలేదు, నీలంగా ఉన్నానట. డాక్టరు పట్నంలో, ఫాదరు గారు కింది ఊళ్ళో. మా నానమ్మ వీధిలోకి పరుగెత్తి మొదట కనిపించిన మనిషిని చెయ్యిపట్టి లాక్కొచ్చింది. పేరు లేకుండా పిల్ల పోకూడదు కదా. ఫాదరు లేనప్పుడు ఎవరైనా సరే బిడ్డని మూడుసార్లు గాల్లోకి ఎత్తి, పేరు చెప్పి, ప్రార్థన చదివితే చాలు, అది జ్ఞానస్నానమే.

మాస్టారు చేతులు చాపారు. ఎత్తారు. అక్కడ ఆగిపోయారు.

"పేరు, మాస్టారూ, పేరు!" అని నానమ్మ ఆయన డొక్కలో పొడిచింది. "నా పేరు చెప్పండి! ఎవాంథియా! మొదటి మనవరాలు, ఇంకెవరి పేరు పెడతారు?"

"ఎవాంథియా," అని మూడుసార్లు ఎత్తారు. మూడోసారి నేను ఏడ్చాను. తల కిందికి వంగి ఊపిరితిత్తుల్లోంచి నీరు జారి ఉంటుందని నా అభిప్రాయం. నానమ్మ చచ్చేదాకా ఆ మాట ఒప్పుకోలేదు.

ఎండలు రాగానే చర్చిలో మిగతా తంతు పూర్తిచేయాలి. జాహోస్ తల పట్టుకున్నాడు. "గాల్లో ఎత్తితే ఎత్తావు. చర్చిలో నూనె ఇంకెవరినైనా రాయనివ్వు. ఒక్క ఆడపిల్ల, మాస్టారూ! ఊళ్ళో మగపిల్లలందరూ దానికి అన్నలైపోతారు. పైగా నీలం కుర్చీల వాడి కూతురు, ఓటు కూడా రాదు!"

"పిల్లని వెనక్కి తెచ్చిన మనిషి ఉండగా ఇంకొకడు ముట్టుకుంటాడా?" అన్నాడు మా నాన్న.

మాస్టారు పార్టీ సభ ఒకటి మానుకుని వచ్చి, తన చేత్తోనే నూనె రాశారు. మరుసటి చలికాలానికి మంచు తోసే పసుపుపచ్చ బండి మా కనుమకి వచ్చింది. దానికోసం ఆయన ఏథెన్సులో ఎవరెవరి గుమ్మాల్లో కూర్చున్నారో నాకు తెలియదు. ఆ బండి ఇప్పటికీ నడుస్తోంది.

తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయారు. ఓడి ఎక్కడికీ వెళ్ళలేదు, మళ్ళీ మా బడికే వచ్చారు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఎంపీ చేసిన మనిషి చేతికి సుద్ద అంటుకుని ఉండటం మాకు వింతగా అనిపించేది కాదు, పుట్టినప్పటినుంచీ అలాగే చూశాం. పదవీ విరమణ అయ్యాక చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి ఒక మునిసిపాలిటీ చేసినప్పుడు మేయరయ్యారు. కింది ఊళ్ళో ఆరోగ్య కేంద్రం కట్టించడం మొదలుపెట్టారు.

నేను చాలామంది అన్నల మధ్య హాయిగా పెరిగాను. పండగల్లో నాట్యం చేసేటప్పుడు నా చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడేవారు కాదు, నన్ను చూసి ఎవరూ ఈల వేసేవారూ కాదు. మిగతా ఆడపిల్లలు నన్ను చూసి జాలిపడేవారు. పట్నం వెళ్ళి చదువుకున్నాను. నీళ్ళ నమూనాల కోసం కొండవాగుల వెంట తిరుగుతున్నప్పుడు తను ట్రౌట్ చేపలు పెంచే చెరువు దగ్గర అనెస్తిస్ మళ్ళీ కనిపించాడు. నీళ్ళలో ప్రాణవాయువు ఎంత ఉందో కొలవమని అడిగాడు. కొలిచాను. తర్వాత వారం మళ్ళీ అడిగాడు. ఎండాకాలం అయ్యేసరికి ఆ వాగు నీళ్ళ గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

పెళ్ళి మాట ఎత్తగానే మా ఫాదరు పాపా థీమియోస్ రెండు చేతులూ పైకెత్తేశారు. "ఒకే నూనె! నేను చెయ్యలేను."

అత్తయ్య ఇంకో మెట్టు ఎక్కింది. "అన్నాచెల్లెళ్ళు! సిగ్గు లేదూ?"

అనెస్తిస్ నెమ్మదిగా అన్నాడు: "అమ్మా, ఆ రోజు నన్ను పట్టుకున్నది జాహోస్ కదా."

"ఎవరన్నారు? గోడమీద ఫొటో చూడు! నీ జ్ఞానతండ్రి ఎంపీ. మేకల వాడు కాదు!"

ఫాదరు గారు బిషప్ దగ్గరికి వెళ్ళి అడిగొచ్చారు. బిషప్ గారు చెప్పింది తేలికే. నూనె రాసి ప్రమాణం చెప్పినవాడే జ్ఞానతండ్రి. కానీ ఇన్నేళ్ళుగా ఊరంతా వేరేలా చెప్పుకుంది కాబట్టి, మాస్టారు తన నోటితో, జనం ముందు, నేను కాదు అని చెప్పాలి. చెబితే పెళ్ళి. చెప్పకపోతే లేదు.

ఆ రోజుల్లో మాస్టారు మూడోసారి మేయరు పదవికి నిలబడి ఉన్నారు. మూడు వారాల్లో పోలింగు. పచ్చకుర్చీల్లో ఆయన ముందు మేమిద్దరం స్కూలు పిల్లల్లాగా నిలబడ్డాం. సంగతి అనెస్తిస్ చెప్పాడు.

మాస్టారు వింటూనే తలాడించారు. "ఈ ఆదివారం చెబుతాను."

జాహోస్ కుర్చీ వెనక్కి తోశాడు. "ఎన్నికలయ్యాక చెప్పు! పెళ్ళి సెప్టెంబరులో, తొందరేమిటి?"

"అందరికీ తెలిసిందే కదా జాహోస్."

"తెలియడం వేరు, చెవిన పడటం వేరు! ఏడు ఇళ్ళు, వాళ్ళ అత్తవారిళ్ళు, పిన్నుల ఇళ్ళు. ఎంపీ కుంబారో, మేయరు కుంబారో అని ముప్పైయేళ్ళుగా మీసాలు తిప్పుకుని తిరుగుతున్నారు. చర్చి ముందు నిలబెట్టి, మీ కుంబారో చీజ్ కొట్టు వాడు అంటావా? అందులో సగం మంది నీకు ఓటెయ్యరు. ఆరోగ్య కేంద్రానికి కప్పు కూడా పడలేదు!"

"వాళ్ళు నేను కుంబారోననే ఓటేస్తారు. ఓట్లు వేయించుకుని, మర్నాడు నేను కాదని చెబితే, ఆ ఓట్లు తిరిగి ఇచ్చెయ్యనా?"

"ఈ అమ్మాయికి మూడు వారాలు ఆగే ఓపిక ఉంది. అడుగు!"

నాకు ఆగే ఓపిక లేదు. ఎన్నికల తర్వాత ఆయన మనసు మారితే, ఆయనకేమైనా అయితే, అత్తయ్య ఈలోగా వేరే సంబంధం చూస్తే... ఇవన్నీ నా కళ్ళలో కనపడి ఉంటాయి. మాస్టారు నన్ను ఏమీ అడగలేదు. కాఫీ తాగేసి లేచారు.

ఆదివారం ప్రార్థన అయ్యింది. ప్రసాదం రొట్టెముక్కలు చేతుల్లో పట్టుకుని జనం చర్చి ముందుకి వచ్చారు. మాస్టారు మెట్టుమీద నిలబడ్డారు.

"వెనకాల వాళ్ళకి వినపడుతోందా?"

"వినపడుతోంది మాస్టారూ!"

జేబులోంచి కాగితం ఏమీ తియ్యలేదు. పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఏడు పేర్లు. ఆ వేసవి ఆదివారం తొట్టిలో మునిగిన ఏడుగురు. ఒకడు లారీ డ్రైవరు, ఒకడు పోలీసు, ఒకడికి అప్పుడే బట్టతల. పేరు వినపడగానే ఒక్కొక్కడూ, ఎందుకో తెలియకుండానే, గుంపులోంచి ముందుకి వచ్చి, "ఉన్నాను మాస్టారూ" అన్నాడు. చివర్న అనెస్తిస్. "ఉన్నాను మాస్టారూ."

"ఆర్గిరిస్," అన్నారు మాస్టారు. తన పేరు తనే. ఒక నిమిషం ఆగారు, పూర్వం బడిలో ఆగినట్టు. "ఆబ్సెంట్. ఆ రోజు అందరూ ఉన్నారు, నేను ఒక్కడినే ఆబ్సెంట్. వీళ్ళని ఎత్తుకున్నదీ, నూనె రాసిందీ జాహోస్. సాయంత్రం వచ్చి ఫొటో దిగింది నేను. వీళ్ళకి జ్ఞానతండ్రి అతను. ఇది బిషప్ గారి కోసం చెబుతున్నాను, మీ కోసమూ చెబుతున్నాను."

రొట్టె నములుతున్నవాళ్ళు కూడా ఆపేశారు. అప్పుడు మా అత్తయ్య గొంతు లేచింది.

"అయితే నా కొడుకు జ్ఞానతండ్రి మేకల కంపు కొడతాడన్నమాట!"

"ఇప్పుడు తెలిసిందా స్తమాతా?" అన్నాడు జాహోస్. అతని మొహం ఎర్రబడిపోయింది. "ప్రతి ఈస్టరుకీ జ్ఞానతండ్రి ఇవ్వాల్సిన కొవ్వొత్తి, కొత్త చెప్పులు నీ కొడుక్కి ఎవరు తెచ్చి ఇచ్చారు?"

"ఎంపీ గారు పంపించారని నువ్వే కదా అన్నావు!"

"అన్నాను. నువ్వు నమ్మావు. వాటికీ మేకల కంపు కొట్టలేదా?"

ముందు నవ్వింది బట్టతల వాడు. తర్వాత పోలీసు. అత్తయ్య నవ్వలేదు, కానీ రొట్టెముక్క నోట్లో వేసుకుంది. ఇంటికి వెళ్ళేదారిలో నా పక్కనే నడిచింది. మలుపు దగ్గర, "ఆ చెప్పులు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే తెచ్చేవాడు," అంది. అది ఒప్పుకోలు అని నాకు అనెస్తిస్ తర్వాత చెప్పాడు.

మాస్టారు ఆ ఎన్నికల్లో ఓడిపోయారు. పెద్ద తేడా ఏమీ కాదు. మా ఊళ్ళోనే ఆ తేడా వచ్చింది. ఎవరు వేశారు, ఎవరు వెయ్యలేదు అని ఆయన అడగలేదు. జాహోస్ రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు, పేక మాత్రం ఆడాడు. ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున మాస్టారు మా నాన్న కొట్లో నీలం కుర్చీలో కూర్చుని, కాఫీ చప్పరించి, "ఇవాళ నాకు మీటింగు లేదోయ్. ఇంకోటి పొయ్యి," అన్నారు. ఆరోగ్య కేంద్రానికి కొత్త మేయరు కప్పు వేయించాడు. ప్రారంభోత్సవానికి మాస్టారిని పిలవలేదు. ఆయన తర్వాత వారం వెళ్ళి బీపీ చూపించుకుని వచ్చి, బాగా కట్టారని చెప్పారు.

సెప్టెంబరులో మా తలలమీద దండలు మార్చింది జాహోస్. అప్పటికే చేతులు వణుకుతున్నాయి, దండ నా చెవికి తట్టుకుంది. మాస్టారు నాట్యం వరసలో మొదట నిలబడి, రుమాలు తిప్పుతూ, ఆయాసం వచ్చేదాకా ఆడారు. మా పాప పుట్టాక నూనె రాసే వంతు కూడా జాహోస్‌దే అయింది. ల్యాబు వాళ్ళకి ఇదీ జవాబు.

ఇప్పుడు పాపకి ఏడాదిన్నర దాటింది. నేను మళ్ళీ పనికి వెళుతున్నాను, పాప శిశువిహారంలో ఉంటోంది. ఈ వసంతంలో అక్కడ పిల్లలందరి చేతా పాటలు పాడించే పండగ పెట్టారు. సరిగ్గా అదే రోజు మాకు పై ఆఫీసు తనిఖీ. అత్తయ్యని పంపిద్దామనుకున్నాను. పిల్లకి తేడా తెలియదు, ఫొటోలు తీయించుకుంటే చాలు, సాయంత్రం ఎత్తుకోవచ్చు. ఆ మాట మాస్టారితో అంటున్నప్పుడు ఆయన పేక ముక్కలు బల్లమీద పెట్టేసి నావైపు తిరిగారు. ఆయన చెప్పింది విన్నాక ఆ సాయంత్రం పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, రేపు నేను రావడం లేదని చెప్పాను. అది నా ముక్కు పట్టుకుని లాగింది. అప్పటినుంచి ప్రతిసారీ చెబుతున్నాను. టీకాకి నాన్న తీసుకెళుతున్నప్పుడు, నాకు పట్నంలో ఆలస్యమయ్యేటప్పుడు, దాని ఎదురుగా కూర్చుని, దాని మొహంలోకి చూస్తూ.

ఆ రోజు మాస్టారు అన్నది ఇది:

"వెళ్ళగలిగితే వెళ్ళు. వెళ్ళలేకపోతే నీ బదులు అని ఎవరినీ పంపకు. మీ అత్తయ్య వెళితే అత్తయ్యగానే వెళుతుంది. నువ్వు రావడం లేదని మాత్రం పిల్లకి నువ్వే చెప్పు. దానికి అర్థం కాదంటావా? అర్థం కాని వయసులోనే మొదలుపెట్టు. అర్థమయ్యే వయసు వచ్చేసరికి చెప్పడం నీకు అలవాటైపోతుంది."